మాఫ్ చేయాల్సింది ఎవరు?

గల్ఫ్‌లో ఎక్కడైనా ఆమ్నెస్టీ ఇచ్చారన్న వార్త వచ్చిందంటే మా నిజామాబాద్ జిల్లా జక్రాన్‌పల్లి మండలంలో ఫోన్లు మోగుతూనే ఉంటాయి. తొర్లికొండ, పడకల్, అర్గుల్, మునిపల్లి, ఏ ఊరు తీసుకున్నా దుబాయిలోనో, కువైట్‌లోనో, సౌదీలోనో మనిషి ఉన్న ఇల్లు దొరుకుతుంది. పసుపు పంటకు చేసిన అప్పు తీర్చడానికి పోయినవాళ్లున్నారు. ఎర్రజొన్న ధర దెబ్బతిన్న ఏడాది పోయినవాళ్లున్నారు. 2015 డిసెంబరులో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇక ఇక్కడ పని లేదనుకుని విమానం ఎక్కినవాళ్లూ ఉన్నారు. జక్రాన్‌పల్లికి విమానాశ్రయం వస్తుందని ఏళ్లుగా వింటున్నాం. అదింకా కాగితం మీదే ఉంది, మనవాళ్లు మాత్రం శంషాబాద్ దాకా పోయి ఎగురుతూనే ఉన్నారు.

ఫోన్ చేసినవాళ్లు అడిగేది ఒకటే: "సారూ, మాఫీ ఇచ్చిండ్రంట గదా, మా పిల్లగాడు ఇగ వస్తడా?" వకీలుగా నేను తిరిగి అడిగేదీ ఒకటే: "ఏం కేసు? ఎవరు పెట్టిన కేసు?" ఈ రెండో ప్రశ్న చాలామందికి వింతగా ఉంటుంది. సర్కారు మాఫ్ చేసిందంటే అన్నీ పోయినట్టే కదా అనుకుంటారు. అలా పోవు. కొన్ని తప్పులను సర్కారు ఒక్క ప్రకటనతో తుడిచేయగలదు. కొన్నిటికి పేరు పేరునా దరఖాస్తు పెట్టుకోవాలి. కొన్నిటిని ఎంత పెద్ద పాలకుడైనా తనంత తానుగా మాఫ్ చేయలేడు. ఈ రోజు నేను మాట్లాడబోయేది ఈ తేడా గురించి. మాట సౌలభ్యం కోసం గల్ఫ్ వాళ్లు గుంపు మొత్తానికి ఇచ్చేదాన్ని మన జనం అన్నట్టే ఆమ్నెస్టీ అంటాను. మన రాష్ట్రపతి, గవర్నర్ ఇచ్చేదానిలా పేరు పేరునా ఇచ్చేదాన్ని క్షమాభిక్ష అంటాను.

ముందు ఆమ్నెస్టీ సంగతి. గల్ఫ్‌కు పోయిన మనిషి కల్లివెల్లి, అంటే సరైన కాగితాల్లేని మనిషి, ఎట్లా అవుతాడో మీలో చాలామందికి తెలుసు. అయినా చెప్తాను, ఎందుకంటే విషయమంతా అక్కడే ఉంది. ఎక్కడైనా పని చేసుకోవచ్చు, ఆజాద్ వీసా అని చెప్పి ఏజెంటు పంపిస్తాడు. పోయాక చూస్తే వీసా ఇచ్చిన కంపెనీ వేరు, పని చేయించేవాడు వేరు. లేదంటే కంపెనీ నిజమైనదే, కానీ నాలుగు నెలలుగా జీతం లేదు. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంటుంది. అకామా, అంటే నివాస అనుమతి, గడువు అయిపోతే దాన్ని కొత్తది చేయించాల్సింది కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని. చేయించడు. విసిగిపోయి మనిషి బయటికొస్తే, పారిపోయాడని కఫీల్ రిపోర్టు పెడతాడు. సౌదీలో దాన్నే హురూబ్ అంటారు. ఆ క్షణం నుంచి ఆ మనిషి చట్టం కళ్లలో నేరస్థుడు. దొంగతనం చేయలేదు, ఎవరినీ కొట్టలేదు, పొద్దున లేచి సెంట్రింగ్ పనికి పోతున్నాడు, అంతే. కానీ ఆ దేశంలో ఉండటమే అతని నేరం.

ఆ నేరానికి రోజు లెక్కన జరిమానా పడుతుంది. ఎమిరేట్స్‌లో, అంటే దుబాయి ఉన్న యూఏఈలో, ఇప్పుడున్న లెక్క రోజుకు 50 దిర్హాములు. ఏడాదికి 18,250 దిర్హాములు, మన రూపాయల్లో నాలుగు లక్షల పైమాటే. మూడేళ్లు దాక్కున్నవాడు ఈ డబ్బు కట్టి ఇంటికి రావాలంటే అయ్యే పని కాదు. పట్టుబడితే జైలు, ఆపైన వేలిముద్రలు తీసుకుని మళ్లీ రాకుండా బహిష్కరణ. అందుకని దాక్కుంటాడు. దాక్కున్నకొద్దీ జరిమానా పెరుగుతుంది. తల్లి చనిపోయినా రాలేక ఫోన్లో ఏడ్చిన కొడుకులను ఈ జిల్లా చాలామందినే చూసింది.

ఇలాంటివాళ్ల కోసమే ఆమ్నెస్టీ. 2018 ఆగస్టు 1న ఎమిరేట్స్ మూడు నెలల గడువుతో ప్రకటించి, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించింది. 2024లో మళ్లీ సెప్టెంబరు 1న మొదలుపెట్టి రెండు నెలలన్నారు, అదీ డిసెంబరు 31 దాకా సాగింది. కువైట్ 2018 జనవరి 29న ఇచ్చి ఏప్రిల్ 22 దాకా నడిపింది. సౌదీ 2013లో నితాఖత్ అనే ఉద్యోగ కోటా నిబంధనలను గట్టిగా అమలు చేసినప్పుడు ఒకసారి, 2017 మార్చిలో ఇంకోసారి ఇచ్చింది. ఖతార్ 2016లో సెప్టెంబరు నుంచి డిసెంబరు 1 దాకా ఇచ్చింది. వివరాలు దేశానికో రకంగా ఉంటాయి గాని, లోపలి అమరిక ఒక్కటే. ప్రకటనలో ఎవరి పేరూ ఉండదు. ఫలానా తేదీకి ముందు వీసా గడువు దాటినవాళ్లందరూ అని ఒక వర్గాన్ని చెబుతారు. ఫలానా తేదీలోపు రమ్మంటారు. వచ్చినవాడి జరిమానా రద్దు, జైలు లేదు. 2017లో సౌదీ అయితే బహిష్కృతుడిగా వేలిముద్రలు తీసుకునే శిక్ష కూడా ఉండదని, మళ్లీ సక్రమంగా వీసా మీద రావచ్చునని చెప్పింది. 2024లో ఎమిరేట్స్ ఇంకో అడుగు ముందుకేసి, కొత్త యజమాని దొరికితే కాగితాలు సరిచేసుకుని అక్కడే ఉండిపోవచ్చునంది.

గమనించండి, ఇందులో కోర్టు లేదు, తీర్పు లేదు. నువ్వు తప్పు చేశావా లేదా అని ఎవరూ విచారించరు. ఎందుకు కల్లివెల్లి అయ్యావని కూడా అడగరు. నేరమే జరగనట్టు లెక్క కట్టి పంపిస్తారు. ఆమ్నెస్టీ స్వభావమే అది. శిక్షను తగ్గించడం దాని పని కాదు, నేరం లెక్కనే చెరిపేస్తుంది. అది కూడా ఒకరికని కాదు, గుంపు మొత్తానికి. సాధారణంగా శిక్ష పడకముందే.

దీన్ని దయ అనుకుంటే పొరపాటు. నా దృష్టిలో ఇది లెక్క. లక్షలమందిని వెతికి పట్టుకుని, జైళ్లలో పెట్టి, తిండి పెట్టి, టికెట్లు కొని పంపడం ఏ సర్కారుకైనా భారం. వాళ్లంతట వాళ్లే వచ్చి క్యూలో నిలబడితే ఆ ఖర్చు తప్పుతుంది. సౌదీ 2013లో గడువు ఇచ్చింది తన పౌరులకు ఉద్యోగాల కోటా అమలు చేయడానికి. గడువు ముగిసిన మర్నాటి నుంచే సోదాలు మొదలయ్యాయి. అంటే ఆమ్నెస్టీ వెనకాలే దాడి ఉంటుందని గుర్తుంచుకోవాలి. మనవాళ్లు కొందరు ఇది తమను పట్టుకోవడానికి పన్నిన వల అని భయపడి గడువు దాటనిస్తారు. ఇంకొందరు ఎట్లాగూ పొడిగిస్తారులే అని చివరిదాకా ఆగుతారు. పొడిగించిన సందర్భాలున్నాయి నిజమే, కానీ పొడిగింపు హక్కు కాదు.

కువైట్ 2020 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆమ్నెస్టీ ఇంకో పాఠం. జరిమానా లేదు, విమాన టికెట్ కూడా మేమే పెట్టుకుంటామని చెప్పారు. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఇళ్లలో పనికి పోయిన ఆడవాళ్లు, మన వైపు మగవాళ్లు వేలమంది పేర్లు రాయించుకుని క్యాంపులకు చేరారు. అప్పటికే మన దేశంలో లాక్‌డౌన్, విమానాలు బంద్. అక్కడి సర్కారు మాఫ్ చేసింది, ఇక్కడి సర్కారు ఆకాశం మూసేసింది. వాళ్లు వారాల తరబడి ఎండలో, క్యాంపుల్లో ఎదురుచూశారు. మాఫీ దొరికినా పోవడానికి దారి ఉండాలి కదా.

ఇక దీనిలో నాకు ఎప్పుడూ మింగుడుపడని సంగతొకటి ఉంది. ఆమ్నెస్టీలో సర్కారు కార్మికుణ్ణి మాఫ్ చేస్తుంది. కార్మికుడు ఎంబసీ ఇచ్చిన ఔట్‌పాస్ అనే ప్రయాణ పత్రం పట్టుకుని విమానం ఎక్కేస్తాడు. మరి అతనికి రావాల్సిన నాలుగు నెలల జీతం? ఏళ్లు పనిచేసినందుకు చివర్లో ఇవ్వాల్సిన సర్వీసు డబ్బు? పాస్‌పోర్టు దాచిపెట్టడం ఆ దేశాల చట్టాల ప్రకారం కూడా తప్పే, ఆ తప్పు? అవన్నీ అక్కడే ఉండిపోతాయి. కేసు వేసి నిలబడాలంటే గడువు దాటిపోతుంది, గడువు దాటితే మళ్లీ కల్లివెల్లి. కాబట్టి సంతకం పెట్టి వచ్చేస్తాడు. అతణ్ణి ఎవరూ అడగకుండానే, అతని చేతులమీదుగానే కఫీల్‌కు కూడా మాఫీ దొరికిపోతుంది. ఎంబసీ వాళ్లకు బాకీ జీతం వివరాలు రాసిచ్చి, ఎవరికైనా వకాలత్ ఇచ్చి రమ్మని నేను చెప్తుంటాను. రాసిచ్చేవాళ్లు తక్కువ. ఇంటికి చేరితే చాలు అన్న మనిషికి లెక్కల ఓపిక ఎక్కణ్నుంచి వస్తుంది?

సరే, ఆమ్నెస్టీ దేనికి వర్తించదో చూద్దాం. వీసా గడువు దాటడం సర్కారు మీద చేసిన తప్పు. ఇంకెవరి సొమ్మూ పోలేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. కాబట్టి సర్కారు ఒక్కటే దాన్ని వదిలేయగలదు. కానీ అదే మనిషి అక్కడ బ్యాంకు లోను తీసుకుని ఎగ్గొట్టాడనుకోండి, అది బ్యాంకు సొమ్ము. కొట్లాటలో ఎవరికో కన్ను పోయిందనుకోండి, అది ఆ మనిషి కన్ను. వీటికి ప్రకటనలో చోటుండదు. పోలీసు కేసు, ప్రయాణ నిషేధం ఉన్నవాళ్లు ముందు అవి తేల్చుకోవాలి. బాకీ పెట్టి వచ్చేస్తే తప్పించుకున్నట్టేననుకునే కాలం కూడా పోయింది. 2020 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ఎమిరేట్స్ కోర్టుల సివిల్ డిక్రీలను మన జిల్లా కోర్టుల్లో నేరుగా అమలు చేయించుకునేలా నోటిఫికేషన్ ఇచ్చింది. అంటే దుబాయి బ్యాంకు అక్కడ గెలిచిన డిక్రీ పట్టుకుని నిజామాబాద్ కోర్టుకు రావచ్చు, ఇక్కడి పొలం మీద చేయి వేయవచ్చు.

ఇప్పుడు రెండో దారికి వస్తాను. శిక్ష పడి జైల్లో ఉన్న మనిషి సంగతి. దీనికి మనకు దగ్గరలోనే పెద్ద ఉదాహరణ ఉంది. సిరిసిల్ల ప్రాంతం నుంచి పోయిన ఐదుగురు 2005లో దుబాయిలో ఒక నేపాలీ వాచ్‌మన్ హత్య కేసులో ఇరుక్కున్నారు. సుదీర్ఘమైన జైలు శిక్ష పడింది. ఆ తర్వాత దుబాయిలో ఎన్ని ఆమ్నెస్టీలు వచ్చాయో లెక్కపెట్టుకోండి. 2007లో వచ్చింది, 2012 చివర్లో వచ్చింది, 2018లో వచ్చింది. ఒక్కటీ వాళ్లను తాకలేదు. తాకదు కూడా. అవన్నీ వీసా గడువు దాటినవాళ్లవి.

వాళ్లకున్న దారి వేరు. అక్కడి చట్టంలో హత్య జరిగితే రెండు హక్కులు పుడతాయి. ఒకటి చచ్చినవాడి వారసులది. వాళ్లు ప్రాణానికి ప్రాణం కోరవచ్చు, దియా అనే పరిహారం తీసుకుని వదిలేయవచ్చు, ఏమీ తీసుకోకుండానూ వదిలేయవచ్చు. రెండోది సర్కారుది. శాంతిభద్రతలు చెడగొట్టినందుకు సర్కారు వేసే శిక్ష దానిది దానికే. సిరిసిల్ల ఎమ్మెల్యేగా ఉన్న కేటీఆర్ స్వయంగా నేపాల్ వెళ్లి, ఆ కుటుంబాన్ని కలిసి, 15 లక్షల రూపాయల పరిహారం అందించారు. కుటుంబం మాఫ్ చేస్తున్నట్టు రాసిచ్చింది. మనందరం అప్పుడు అయిపోయింది, ఇంక వచ్చేస్తారు అనుకున్నాం. రాలేదు. చచ్చినవాడి ఇంటివాళ్లు తమ హక్కు వదులుకున్నారు గాని, సర్కారు తన హక్కు వదులుకోలేదు. మళ్లీ అర్జీలు, మళ్లీ వకీళ్లు, మంత్రిగా ఉన్నప్పుడు కేటీఆర్ దుబాయి వెళ్లి మళ్లీ అడగడం. చివరికి 18 ఏళ్లు గడిచాక విడుదలై, 2024 ఫిబ్రవరి నాటికి ఇళ్లకు చేరారు. పోయినప్పుడు పసిబిడ్డలుగా ఉన్న పిల్లలు పెళ్లీడుకు వచ్చారు.

ఈ కథలో ఎవరు ఎవరిని మాఫ్ చేశారో విడదీసి చూస్తే క్షమాభిక్ష అంటే ఏమిటో తెలుస్తుంది. ప్రతి కాగితం మీదా పేర్లున్నాయి. నేరం జరిగిందని తేలాకే అర్జీ పెట్టారు. వదిలేసినా నేరం చెరిగిపోలేదు, శిక్ష మాత్రమే ఆగింది. గల్ఫ్ పాలకులు రంజాన్‌కూ, ఈద్‌కూ, జాతీయ దినానికీ వందలమంది ఖైదీలను విడిచిపెడుతుంటారు. దాన్ని కూడా మనవాళ్లు ఆమ్నెస్టీ అనేస్తారు. కాదు, అది క్షమాభిక్షే. అక్కడ జైలువాళ్లు తయారుచేసిన జాబితా ఉంటుంది, ఒక్కొక్కడి ప్రవర్తన చూసి రాసిన పేరు ఉంటుంది. వెయ్యి పేర్లు రాసి విడిచినా క్షమాభిక్షే, ఒక్క పేరూ రాయకుండా గేటు తెరిస్తే ఆమ్నెస్టీ.

మన రాజ్యాంగానికి వద్దాం. 72వ అధికరణం రాష్ట్రపతికి, 161వ అధికరణం గవర్నర్‌కు ఈ అధికారం ఇచ్చాయి. క్షమాభిక్ష పెట్టవచ్చు, శిక్షను నిలిపి ఉంచవచ్చు, తగ్గించవచ్చు, ఉరిని యావజ్జీవంగా మార్చవచ్చు. సంతకం వాళ్లదైనా నిర్ణయం మంత్రివర్గానిదే, మారూరాం కేసులో సుప్రీంకోర్టు 1980లోనే ఈ మాట తేల్చింది. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం 213 మంది ఖైదీలను ముందుగా విడుదల చేసింది కదా, అది రెమిషన్. మిగిలిన శిక్షను తగ్గించారు, అంతే. హంతకుడన్న తీర్పు రికార్డులో అట్లాగే ఉంటుంది.

పేరు పేరునా ఇచ్చే అధికారంలో ఉన్న చిక్కు, ఎవరి పేరుకు పలుకుబడి ఉందో వాళ్లకు ముందు దొరుకుతుంది. దీని మీద దేశమంతటికీ వర్తించే తీర్పు మన తెలుగు నేల నుంచే వచ్చింది. 2005 ఆగస్టులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గవర్నర్ సుశీల్‌కుమార్ షిండే, నందికొట్కూరు ఎమ్మెల్యే భర్తకు హత్య కేసులో మిగిలిన శిక్షను తీసేశారు. హతుడి కొడుకు ఏపూరు సుధాకర్ సుప్రీంకోర్టుకు వెళ్లాడు. ఫైలు తెరిచి చూస్తే, అధికారుల నివేదికలో ఖైదీ మంచి కాంగ్రెస్ కార్యకర్త అన్న మాట కనబడింది. 2006 అక్టోబరు 11న జస్టిస్ అరిజిత్ పసాయత్, జస్టిస్ కపాడియా ఆ ఉత్తర్వును కొట్టేశారు. క్షమాభిక్ష గవర్నర్ ఇష్టం కాదనీ, కులం, మతం, పార్టీ చూసి ఇస్తే కోర్టు ప్రశ్నించగలదనీ తేల్చారు. ఆ కేసులో నన్ను ఆకట్టుకునేది తీర్పులోని మాటల కన్నా, కోర్టుకు వెళ్లింది ఎవరన్నది. తండ్రిని పోగొట్టుకున్న కొడుకు. మన చట్టంలో దియా లేదు, వారసుల అనుమతి అడగరు. అతణ్ణి అడగకుండానే సర్కారు మాఫ్ చేసింది. తాను అడగాల్సింది కోర్టు తలుపు తట్టి అడిగాడు.

పలుకుబడి లేనివాళ్ల సంగతి కూడా చెప్పాలి. మన పక్క ఆదిలాబాద్ జిల్లాకు చెందిన కిష్టాగౌడ్, భూమయ్యలను భూస్వామి హత్య కేసులో ఎమర్జెన్సీ నడుస్తుండగా, 1975 డిసెంబరు 1న ముషీరాబాద్ జైల్లో ఉరితీశారు. వాళ్లను కాపాడమని దేశమంతటి నుంచీ విన్నపాలు వెళ్లాయి. రాష్ట్రపతి క్షమాభిక్ష దొరకలేదు. అంతకు పాతికేళ్ల ముందు, తెలంగాణ సాయుధ పోరాటంలో ప్రత్యేక ట్రిబ్యునళ్లు పన్నెండు మంది రైతులకు ఉరిశిక్ష వేశాయి. వాళ్ల తరఫున వాదించడానికి బ్రిటన్ నుంచి డి.ఎన్. ప్రిట్ అనే బారిస్టరు వచ్చాడు. సుప్రీంకోర్టులో ఊరట దొరకకపోయినా, చివరికి ఉరి తప్పి శిక్ష యావజ్జీవంగా మారింది. భూమి తగాదా అదే, పోరాటపు దారీ ఇంచుమించు అదే. ఒకసారి తాడు ఆగింది, ఇంకోసారి ఆగలేదు. ఒక్కొక్కరికి విడిగా ఇచ్చే దయలో ఈ తేడా ఎప్పుడూ ఉంటుంది.

మరి మన దగ్గర గుంపుగా ఇచ్చే ఆమ్నెస్టీ ఉందా? రాజ్యాంగంలో ఆ పేరుతో అధికారం ఏదీ లేదు. దగ్గరగా ఉన్నది 34వ అధికరణం, అది సైనిక పాలన ఉన్నచోట అధికారులు చేసిన పనులకు పార్లమెంటు రక్షణ ఇవ్వడానికి. చరిత్రలో మాత్రం పెద్దపెద్దవే ఉన్నాయి. 1858 నవంబరు 1న విక్టోరియా రాణి ప్రకటన సిపాయిల తిరుగుబాటులో పాల్గొన్నవాళ్లకు క్షమాపణ ఇచ్చింది. 1859 జనవరి 1లోపు ఆయుధాలు దించి ఇళ్లకు పోవాలన్నది షరతు. గల్ఫ్ ప్రకటనలా దానికీ గడువుంది, మినహాయింపుంది: ఆంగ్లేయులను చంపడంలో నేరుగా చేయి ఉన్నవాళ్లకు మాఫీ లేదు. ఆంగ్లేయుల మీద తిరగబడ్డ రాంజీ గోండును నిర్మల్‌లో 1860లో మర్రిచెట్టుకు ఉరితీశారని చెప్పుకుంటారు, వెయ్యి ఉరుల మర్రి అని ఆ చెట్టు పేరు మన వైపు అందరికీ తెలుసు. ఆ రాణిగారి దయ ఈ అడవి దాకా రాలేదన్నమాట. 1931 మార్చి 5న గాంధీ–ఇర్విన్ ఒడంబడికతో సత్యాగ్రహులు విడుదలయ్యారు, హింస కేసులున్నవాళ్లు కాలేదు. మార్చి 23న భగత్‌సింగ్‌ను ఉరితీశారు. ఏ ఆమ్నెస్టీని చదివినా ముందు మినహాయింపులు చూడాలని నేను కుర్రవాళ్లకు చెప్పేది ఇందుకే.

మన ఇందూరు, అంటే నిజామాబాద్, ఖిల్లా జైల్లో నిజాం కాలంలో కవి దాశరథి కృష్ణమాచార్య, రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి ఖైదీలుగా ఉన్నారు. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత నిజాం జైళ్ల నుంచి స్టేట్ కాంగ్రెస్ ఖైదీలను వదిలారు. ఆ విడుదలలో ఎవరూ ఎవరినీ క్షమాపణ అడగలేదు. వాళ్లను నేరస్థులన్న రాజ్యమే పోయింది. ఆ కొత్త రాజ్యమే కమ్యూనిస్టులను మళ్లీ జైళ్లలో పెట్టింది, అది వేరే కథ.

నేటి చట్టంలో మనం ఆమ్నెస్టీని దొడ్డిదారిన ఇస్తాం. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 321వ సెక్షన్, కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 360వ సెక్షన్: పబ్లిక్ ప్రాసిక్యూటర్ కోర్టు అనుమతితో కేసు వెనక్కి తీసుకోవచ్చు. తెలంగాణ వచ్చాక ఉద్యమ కేసులను ప్రభుత్వం ఎత్తేసింది ఈ దారిలోనే. రాస్తారోకోలు, బందులు, ధర్నాలు. అవి సర్కారు మీద చేసిన తప్పులు, సర్కారే మారింది కాబట్టి వదిలేసింది. సబబే. కానీ రైలు పట్టాల మీద కూర్చున్నవాళ్లకు మాత్రం చిక్కు వచ్చింది. రైల్వే చట్టం కేంద్రానిది, రాష్ట్రం సంతకం అక్కడ పనిచేయదు. ఉద్యమం గెలిచి, రాష్ట్రం ఏర్పడి, ముఖ్యమంత్రి ప్రమాణం చేశాక కూడా రైల్‌రోకో వాయిదాలకు కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లున్నారు. మళ్లీ అదే ప్రశ్న, కేసు పెట్టింది ఎవరు?

మాఫ్ చేయాల్సింది ఎవరన్న ప్రశ్నకు దక్షిణాఫ్రికా ఒక విచిత్రమైన జవాబు వెతికింది. వర్ణవివక్ష పోయాక అక్కడి సత్య, సయోధ్య సంఘం ఆమ్నెస్టీ ఇచ్చింది గాని గుంపుగా ఇవ్వలేదు. ఒక్కొక్కరూ పేరు చెప్పుకుని, బహిరంగంగా కూర్చుని, ఎవరిని ఎట్లా చంపారో పూర్తిగా చెప్పాలి. ఎదురుగా చచ్చినవాళ్ల ఇంటివాళ్లు కూర్చుంటారు. ఏడువేలకు పైగా దరఖాస్తులు వస్తే 849 మందికే దొరికింది. చిలీలో పినోచెట్ సర్కారు 1978లో చేసింది దీనికి పూర్తిగా తలకిందులు, తన సైనికుల నేరాలకు తానే మాఫీ రాసుకుంది. దెబ్బ కొట్టినవాడే మాఫీ కాగితం రాసుకుంటే ఎట్లా ఉంటుందో ఆ దేశంలో కనబడకుండా పోయినవాళ్ల తల్లులను అడగాలి.

మన పిల్లల దగ్గరికి వస్తాను. ఆమ్నెస్టీ వార్త రాగానే ఫోన్ చేసి అడగవలసినవి: నీ మీద పోలీసు కేసుందా, బ్యాంకు బాకీ ఉందా, హురూబ్ ఏ తేదీన పెట్టారు, ఏ దారిన ఆ దేశంలోకి వచ్చావు. 2018లో అడ్డదారిన సరిహద్దు దాటి ఎమిరేట్స్‌లోకి వచ్చినవాళ్లకు జరిమానా పోయినా రెండేళ్లు తిరిగి రాకుండా నిషేధం వేశారు. పాస్‌పోర్టు నకలు ఒకటి ఇంట్లో ఉంచుకుంటే ఎంబసీలో ఔట్‌పాస్ త్వరగా అవుతుంది. జైల్లో ఉన్నవాడి విషయంలో ఆమ్నెస్టీ కోసం చూస్తూ కూర్చోకుండా, తీర్పు నకలు తెప్పించండి. అక్కడి వకీలు ద్వారా అర్జీ, అవతలి కుటుంబంతో మాట్లాడటం, ఎంబసీకి లేఖ, మూడూ వేర్వేరు పనులు.

ఇంకో సంగతి చెప్పి ముగిస్తాను, దీన్ని మాత్రం గల్ఫ్ నుంచి వచ్చిన ప్రతివాడూ తెలుసుకోవాలి. పోయేముందు ఏజెంటుకు కట్టడానికి ఊళ్లో ఫైనాన్స్ ఆయన దగ్గర అప్పు చేసి ప్రామిసరీ నోటు రాసిచ్చి ఉంటాడు. నోటుకు మూడేళ్లే ఆయుష్షు, తిరగరాయకపోతే మురిగిపోతుందని అందరికీ తెలుసు. ఆరేడేళ్లు కల్లివెల్లిగా ఉండి, ఆమ్నెస్టీలో జరిమానా అంతా మాఫీ చేయించుకుని వచ్చిన మనిషి, ఇక్కడి నోటు కూడా మురిగిపోయి ఉంటుందిలే అనుకుంటాడు. 1963 నాటి లిమిటేషన్ చట్టం 15వ సెక్షన్, అయిదో ఉపవిభాగం చూడండి. అప్పు తీసుకున్నవాడు దేశంలో లేని కాలాన్ని ఆ మూడేళ్ల లెక్కలోంచి తీసేయాలని ఉంది. అతను దుబాయిలో ఉన్నన్నాళ్లూ నోటు గడియారం ఆగే ఉంది. శంషాబాద్‌లో దిగిన రోజు నుంచి మళ్లీ నడుస్తుంది. దుబాయి సర్కారు వదిలేసిన దిర్హాములకు రసీదు అడిగేవాడు లేడు గాని, జక్రాన్‌పల్లి ఫైనాన్స్ ఆయనకు ఇవ్వాల్సిన రూపాయి, వడ్డీతో సహా, అతను రాసిచ్చిన చోటే ఉంటుంది. దాన్ని వదిలేయగలిగింది ఆ ఫైనాన్స్ ఆయనే. వెళ్లి మాట్లాడుకోండి. నోటు తిరగరాసే ముందు ఒకసారి వకీలుకు చూపించండి.